మైక్ మంచిగనే ఉంది

మొన్న లండన్ పక్కనున్న మా స్లౌ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాత సినిమా ముక్క పెట్టారు. నిమిషం కూడా లేదు. రాళ్ళగుట్ట, ధూళి, గుర్రం మీద నల్లకోటు వేసుకున్న భారీ మనిషి. కుడికన్ను సగం మూసి, కింద నుంచున్న రైతుల వైపు చూస్తాడు. "ఈ గడ్డ మీద... మీ నీడ పడాలన్నా... నన్నడగాలి!" అంటాడు. తరవాత నవ్వు. గుట్టంతా మోగుతుంది. కింద ఒకాయన రాశాడు: "అబ్బ, ఏం గొంతండీ! ఇప్పుడలాంటి గొంతులేవీ?" దానికి పద్దెనిమిది మంది బొటనవేళ్ళు పెట్టారు.

ఆ గుర్రం మీది మనిషి మా ఊళ్ళోనే ఉండేవాడు. మూడేళ్ళ కిందట, 2016లో పోయాడు. పోయిన సంగతి ఆ పద్దెనిమిది మందిలో చాలామందికి తెలుసు. ఆ గొంతు ఆయనది కాదన్న సంగతి కూడా ఆయనే వాళ్ళకి మైకులో చెప్పాడు. ఎవరికీ ఎక్కలేదు. నేను ఏదో రాద్దామని ఫోన్ తీసి, మళ్ళీ పక్కన పెట్టేశాను. ఒకే తప్పుని ఎన్నిసార్లని దిద్దుతాం? పైగా ఆ తప్పు మొట్టమొదట అచ్చువేసింది నేనే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయకపోవడానికి ఉన్న కారణం చెప్పడానికే ఇదంతా.

మా ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో 2008లో విజయవాడలో పత్రిక డెస్కు వదిలి స్లౌ వచ్చాను. రెండేళ్ళ తరవాత, చలికాలంలో, మంచు పడి, కరిగి, మళ్ళీ గడ్డకట్టిన ఒక పొద్దున స్టేషన్ బయట నా కాలు జారింది. పడుతూ రెండు చేతులూ కింద ఆనించాను. కుడి మణికట్టు కలుక్కుమంది. దారినపోయే ఇద్దరు దొరలు "ఆల్ రైట్, మేట్?" అంటూ లేపబోయారు. ఈలోగా వెనకనుంచి తెలుగు వినపడింది.

"గట్ల పడ్తరా ఎవరన్న?"

తల తిప్పి చూశాను. మంకీ క్యాప్, మోకాళ్ళు దాటిన కోటు, చేతిలో ముసలివాళ్ళకిచ్చే బస్ పాస్. ఆరడుగుల పైన మనిషి. అంత ఒంటిలోంచి సన్నగా, కొంచెం ముక్కులోంచి వస్తోంది గొంతు.

"చేతులు పెడితే ఇరుగుతయి. భుజం ఇయ్యాలె. భుజం, వీపు, ఆ తర్వాత కాళ్ళు. అట్ల దొర్లాలె. ఒకపారి పడి సూపియ్యనా?"

"వద్దండీ" అన్నాను కంగారుగా. డెబ్భై దాటిన మనిషి నిజంగానే పడేలా ఉన్నాడు. "నేను తెలుగువాణ్ణని ఎలా తెలిసింది?"

"పడంగనే 'అమ్మా' అన్నవు. అది తమిళోడు గూడ అంటడు. దాని ఎనక 'చచ్చాన్రా దేవుడా' అన్నవు. గది మీ కృష్ణా జిల్లా సావు."

నన్ను హై స్ట్రీట్‌లో ఒక పంజాబీ ఆయన టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. చలిగాలి సరిగ్గా అటునుంచే కొడుతోంది, ఇటు మారండి అన్నాను.

"నలభై పిక్చర్లల్ల తలుపుకు ఎదురుగ కూసున్న తమ్మీ. హీరో తన్నుకొని లోపలికి రావాలె, నేను కుర్చీతోని సహా ఎనకకు పడాలె. ఇగ సాలు. ఇప్పుడు ఎవడొచ్చినా నాకేంది?"

పిక్చర్లు అనగానే పరీక్షగా చూశాను. టీ తాగడానికి మంకీ క్యాప్ పైకి తీశాడు. వేడికి కుడికన్ను సగం మూసుకుంది. తెలిసిపోయింది. మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు తెలుగులో కౌబాయ్ సినిమాలు వరసపెట్టి వచ్చేవి. అందులో గనిని ఆక్రమించేవాడు, బావికి కాపలా పెట్టేవాడు, ఆఖరి రీలులో గుట్ట మీంచి దొర్లేవాడు ఈయనే. పత్రికలో చేరిన కొత్తల్లో నాకు సినిమా సమీక్షలు అప్పగించారు. ఆయన చివరి సినిమాల్లో ఒకదానికి సమీక్ష రాసింది నేనే. ఇలాంటి చోట ఇలాంటి మనిషి దొరికితే పాత విలేఖరి ఊరుకుంటాడా? నా వాక్యం నాకు కంఠతా వచ్చు. గర్వంగా అప్పజెప్పాను.

"ఈ ప్రతినాయకుడికి గుర్రం, తుపాకి దండగ. ఆ కంఠం ఒక్కటి చాలు. సినిమాలో నటించింది అదొక్కటే."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు.

"గది రాసింది నువ్వా?"

"నేనేనండి."

"మా ఆమె సదివి వినిపించింది. ఇద్దరం నవ్వినం. తర్వాత నవ్వినందుకు ఆమె ఏడ్సింది." కప్పు అంచు వేలితో తుడిచాడు. "నా గొంతు ఇంటున్నవు కద, పావుగంట నుంచి. ఆ పిక్చర్ల ఉన్నది ఇదేనా?"

అప్పుడు విన్నాను. పావుగంటగా వింటూ కూడా వినలేదు.

"నటించింది అదొక్కటే అని రాసినవు" అన్నాడు మెల్లిగా. "మరి నేనేం జేసిన తమ్మీ?"

నేను లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు టీ డబ్బులు నేనే ఇస్తానని పట్టుపట్టాను.

ఆ తరవాత వారానికోసారి కలిసేవాళ్ళం. భార్య ఇక్కడ నర్సుగా పనిచేసింది, ఆమె వెంట తను వచ్చాడు. ఆమె పోయాక కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో ఒక్కడే. సినిమాల నుంచి ఇక్కడికి ఎలా వచ్చిపడ్డాడన్నది ఒక్కో వారం ఒక్కో తీరుగా చెప్పేవాడు. నేను నోట్స్ తీసుకోవడం మానేశాను.

గుర్రాలంటే భయం. విండ్సర్ మా ఊరికి పక్కనే. అక్కడి పార్కులో నడుస్తుంటే ఎదురుగా గుర్రం కనబడిందంటే, ఎక్కినది చిన్నపిల్ల అయినా సరే, దారి వదిలి గడ్డిలోకి దిగి నుంచునేవాడు. "మీరు గుర్రాల మీద బతికిన మనిషి కదా అన్నగారూ?" అంటే, "అందుకే" అనేవాడు. మద్రాసులో ఆయనకిచ్చిన గుర్రం జట్కా బండిది. "క్లాప్ కొడితే నిద్రపోయేది. కట్ అంటే ఉరికేది. దానికి బండి లేకుంట నడుసుడు తెల్వదు. నేనే దాని బండి."

చావులకి పేర్లు పెట్టుకున్నాడు. బావి చావు, వంతెన చావు, పేడకుప్ప చావు. పేడకుప్ప చావు మూడు టేకులు తీశారట. టీ కొట్టులో వాటిని కుర్చీలోనే చేసి చూపించేవాడు. పంజాబీ ఆయన కౌంటర్ వెనకనుంచి మార్కులు వేసేవాడు, ఎప్పుడూ పదికి ఆరే. డాక్టరు క్లినిక్కులో ఒకసారి నర్సు సూది పొడిస్తే కుర్చీలోంచి సగం దాకా ఒరిగి ఆగాడు. ఆమె హడలిపోయింది. "అలవాటు బిడ్డా, నొప్పి లేదు" అని తెలుగులో చెప్పాడు. నేను తర్జుమా చేయాల్సి వచ్చింది.

ఇవన్నీ చెప్పేవాడు కాని, గొంతు మాట వస్తే నెమ్మదించేవాడు.

మొదటి సినిమాలో తన మాట తనే చెప్పాడట. ప్రొడ్యూసర్ రెండు రీళ్ళు విని లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు అద్భుతంగా ఉన్నావయ్యా. నీ యాస పెడితే మాత్రం జనం నవ్వుతారు. తెలంగాణా మాటకి భయపడేవాడు ఎవడు?" అన్నాడు. అప్పటినుంచీ ఇంకొకరి గొంతు. ఎవరిదో ఈయనకి చెప్పలేదు. ఈయన అడగలేదు. మూడో సినిమా అప్పుడు కోటు ఇచ్చేయడానికి స్టూడియోకి వెళ్తే, డబ్బింగ్ థియేటర్ అద్దంలోంచి ఒక వీపు కనబడింది. సన్నటి మనిషి, పంచె, బట్టతల. మైకు స్టాండుకి నల్లగొడుగు తగిలించి ఉంది. తెరమీద తను నోరు తెరుస్తుంటే, ఆ సన్నటి వీపులోంచి గుట్ట మోగే గొంతు వస్తోంది.

"ఒక డైలాగు చెప్పి వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నడు. ఊపిరి అందుతలేదు. నాకు పానం గిలగిల కొట్టుకున్నది. గా డైలాగు అంత జల్దిగ చెప్పింది నేనే కద! కలిసిపోదమని బయట నిలవడ్డ. ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి, వ్యాన్ పోతున్నది, ఎక్కు ఎక్కు అన్నడు. ఎవరాయన అంటే 'తెనాలి మాస్టారు' అన్నడు. గంతే. ఆ ఒక్కపారే."

ఆ తరవాతి సినిమా నుంచి ఈయన డైలాగు మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. నాలుగు మాటలు, ఒక ఆపు. మూడు మాటలు, ఒక ఆపు. ఆ ఆపులో కుడికన్ను సగం మూసి ఎదుటివాణ్ణి చూసేవాడు, డైరెక్టరు అడగకుండా. జనానికి అది నచ్చింది. స్టైల్ అన్నారు. మిగతా విలన్లు నేర్చుకున్నారు.

"స్టైల్ ఏంది? ఆయనకు ఊపిరి అందాలె కద" అన్నాడు టీ ఊదుకుంటూ.

2012లో మా తెలుగు సంఘం ఉగాదికి ఆయనకి సన్మానం పెట్టింది. పెట్టించింది నేనే, ఆ పాత వాక్యానికి ప్రాయశ్చిత్తంగా. సంఘం సెక్రటరీ ఐటీ కంపెనీలో పనిచేసే భీమవరం కుర్రాడు, మహా ఉత్సాహవంతుడు. ఏదో స్కూలు హాలు తీసుకున్నాం. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు, వెనక పులిహోర వాసన. శాలువా కప్పాక సెక్రటరీ మైకు అందుకున్నాడు.

"అంకుల్, ఒక్కసారి ఆ డైలాగ్! మా నాన్నగారు రోజూ చెప్పేవారండీ. నీడ డైలాగ్! ప్లీజ్ అంకుల్, కాదనకండి."

ఆయన నావైపు చూశాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఏం చేద్దామని లేచానో తెలియదు. మళ్ళీ కూర్చున్నాను.

మైకు చేతిలోకి తీసుకున్నాడు. శాలువా ఒక భుజం మీదికి తోశాడు. ఒంటిలో ఏదో మారింది. వంగిన వీపు లేచింది, గడ్డం దిగింది, కుడికన్ను సగం మూసుకుంది. పరిగెడుతున్న పిల్లలు ఆగారు. పెదవులు కదిలాయి. ఈ గడ్డ మీద. ఆపు. మీ నీడ పడాలన్నా. ఆపు. చూపు. నన్నడగాలి. తరవాత తల వెనక్కి వేసి, భుజాలు అదురుతూ, నోరంతా తెరిచి నవ్వు. హాలులో చప్పుడు లేదు. మైకులోంచి ఒక్క అక్షరం రాలేదు.

"మైక్! మైక్ ఆన్ చెయ్యండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

సెక్రటరీ పరిగెత్తుకొచ్చి "హలో హలో, చెక్ చెక్" అన్నాడు. మోగింది. "ఇప్పుడు చెప్పండంకుల్" అని తిరిగి ఇచ్చాడు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చేశాడు. అదే ఆపు, అదే చూపు, అదే నవ్వు. అదే నిశ్శబ్దం.

"అబ్బా, ఆ వైరు చూడండ్రా! ఇంకో మైకివ్వండి!"

ఇంకో మైకు వచ్చింది. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, తన సన్నటి గొంతుతో అన్నాడు: "మైక్ మంచిగనే ఉంది బిడ్డా. గొంతే నాది కాదు."

హాలు పగలబడి నవ్వింది. ఆగకుండా చప్పట్లు. సెక్రటరీ కళ్ళు తుడుచుకుంటూ, "అంకుల్ టైమింగ్ చూశారా అండీ! విలన్ అనుకున్నాం, కామెడీ ఇరగదీశారు!" అన్నాడు. ఫొటోలు దిగారు. పులిహోర పెట్టారు.

కారులో శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ నడుపుతోంది. రెండు రౌండబౌట్లు దాటాక నోరు విప్పాడు.

"సూసినవా తమ్మీ? నవ్విండ్రు. ఆ ప్రొడ్యూసర్ చెప్పింది నిజమే."

"వాళ్ళకి అర్థం కాలేదన్నగారూ. నేను రాస్తాను. పత్రికకి నేను ఇప్పటికీ వ్యాసాలు పంపుతుంటాను. ఉన్నదున్నట్టు రాస్తాను."

"ఏమని రాస్తవు? నా పేరు పెట్టి, గొంతు ఇంకెవరిదో అని రాస్తవు. ఆ ఇంకెవరికి పేరు లేదా?" నావైపు తిరిగాడు. "నువ్వు పేపరోడివి. ఆయన పేరు కనుక్కో. నేను పోయేలోపల ఆ పేరు ఒకపారి పలకాలె. దొరికితే ఇద్దరి పేర్లు రాయి. లేకుంటే నా పేరు గూడ రాయకు. రాస్తే రెండు, లేకుంటే ఒకటి గూడ వద్దు. మాటియ్యి."

మాట ఇచ్చాను. ఇంటికి రాగానే ఒక కాగితం మీద "తెనాలి, గొడుగు" అని రాసి సొరుగులో పెట్టాను.

అప్పటినుంచి ఎక్కడ కలిసినా మొదటి మాట "దొరికిండా?" బస్ స్టాపులో, లైబ్రరీ మెట్ల మీద, ఫోన్ ఎత్తగానే హలోకి బదులు: "దొరికిండా?" మొదట్లో ఆత్రంగా అడిగేవాడు. తరవాత్తరవాత, బాగున్నావా అన్నంత మామూలుగా. నేను "ఇంకా లేదన్నగారూ, కనుక్కుంటున్నాను" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే మొదటి మూడేళ్ళూ నేను వెతకలేదు. పాత మిత్రులు ఇద్దరికి ఫోన్ చేశాను, అంతే. సినిమా టైటిళ్ళలో డబ్బింగ్ వాళ్ళ పేర్లు వేసేవాళ్ళు కారు. ఎక్కణ్ణుంచి మొదలుపెడతాం అనుకున్నాను. ఇండియా వెళ్ళినప్పుడల్లా పెళ్ళిళ్ళు, బ్యాంకు పనులు. విలేఖరిగా నేను ఇంతకన్న పనికిమాలిన వార్తల వెంట ఇంతకన్న ఎక్కువ తిరిగాను. ఈ వార్త మటుకు కుర్చీలోంచి లేపలేదు.

తెలంగాణ వచ్చినప్పుడు ఇక్కడ మాస్టర్స్ చదువుకునే వరంగల్, కరీంనగర్ పిల్లలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. పూలదండ వేశారు. కొత్త సినిమాల్లో హీరోలు కూడా మన యాస మాట్లాడుతున్నారు పెద్దనాయినా అని ఫోనులో చూపించారు. ఆయన అద్దాలు పెట్టుకుని మొత్తం చూశాడు. "మంచిగ మాట్లాడుతుండు పిలగాడు" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక దండ గదిని వేడిచేసే రేడియేటర్ మీద వేసి, "నేను జర జల్ది పుట్టిన" అన్నాడు. నేను లేచి వస్తుంటే తలుపు దగ్గర అడిగాడు: "దొరికిండా?"

ఆ ఏటినుంచి ఆయన నడక మందగించింది. టీ కొట్టుకి రెండుసార్లు ఆగి రావాల్సి వచ్చేది. ఒకరోజు పంజాబీ ఆయన బావి చావు చూపించమంటే, "ఇగ యాక్టింగ్ ఎందుకులే" అని హిందీలో అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి సొరుగు తీశాను.

2016 మొదట్లో చెన్నై వెళ్ళాను, ఈ పని ఒక్కటే పెట్టుకుని. రిటైరైన సౌండ్ ఇంజనీరు ఒకాయన కోడంబాకంలో ఉన్నాడని తెలిసింది. చెవుడు వచ్చింది పాపం, కాగితం మీద రాసి అడగాలి. "తెనాలి" అని రాస్తే తల అడ్డంగా ఊపాడు. "గొడుగు" అని రాయగానే ముఖం విప్పారింది.

"గొడుగు మాస్టారా! హైస్కూల్లో తెలుగు పండితుడండీ ఆయన. వేసవి సెలవులకీ, దసరా సెలవులకీ రైలెక్కి వచ్చేవాడు. మా కౌబాయ్ పిక్చర్లన్నీ బళ్ళు మూసేదాకా డబ్బింగ్ కాక ఆగేవి!"

పేరు చెప్పాడు. తొమ్మిది అక్షరాలు, ఇంటిపేరుతో కలిపి. నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట నా చేతిలో బస్ టిక్కెట్టు వెనక ఉంది.

తెనాలి వెళ్ళాను. మాస్టారు పోయి పాతికేళ్ళయింది. భార్య ఉన్నారు, ఎనభై దాటిన మనిషి, చూపు చురుగ్గా ఉంది. మజ్జిగ ఇచ్చి, నేను వచ్చిన పని చెబితే కాసేపు చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ నుంచున్నారు.

"ఆ గుర్రం పెద్దమనిషి ఉన్నాడా ఇంకా?"

"ఉన్నారమ్మా. మాస్టారి పేరు తెలుసుకురమ్మని పంపారు."

"ఆయన పేరు మాకు మొదట్నించీ తెలుసుగా, గోడలమీద పోస్టర్లు వేసేవాళ్ళు. మాస్టారు ఆయన్ని ఒక్కసారీ ఎదురుగా చూళ్ళేదు. చూడాలని ఉండేదనుకో. వెళ్ళి ఏమని చెప్తాను, నీ గొంతు నేను అని చెప్తానా, బావుండదు అనేవారు." కూర్చున్నారు. "మాస్టారికి ఉబ్బసం నాయనా. వేరేవాళ్ళకి మాట చెప్పొస్తే రెండ్రోజులు మంచం దిగేవారు కాదు. ఈయన సినిమా అయితే మాత్రం ఇంటికొచ్చి సుబ్బరంగా అన్నం తినేవారు. 'ఆ మనిషి నా ఊపిరి ఎరిగినవాడే. నాకు ఎక్కడ కావాలో అక్కడ ఆగుతాడు' అనేవారు. ఆయనకెలా తెలుస్తుందండీ, మీరు విచిత్రం, అని నేను నవ్వేదాన్ని."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. చెప్పాను, ఎలా తెలిసిందో. అద్దం, వీపు, మోకాళ్ళ మీద చేతులు. ఆవిడ విని, లేచి నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశారు.

"రెండు పేర్లూ పేపర్లో రాస్తానమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్కసారిగా నావైపు తిరిగారు. "పేపర్లోనా? వద్దు నాయనా!"

"ఎందుకమ్మా?"

"ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. సర్కారు ఉద్యోగం చేస్తూ బయట పని చేశాడని పేపర్లో పడితే? ఎవడో ఒకడు అర్జీ పెడితే? ఈ వయసులో నేను ట్రెజరీ చుట్టూ తిరగ్గలనా?"

"నలభై ఏళ్ళ కిందటి మాటమ్మా. ఎవరూ ఆపరు."

"నీకేం, నువ్వు లండన్లో ఉంటావ్. నేను పోయాక రాసుకో. నేనుండగా ఆయన పేరు పేపర్లో పడకూడదు."

స్లౌ లండన్ కాదని చెప్పి ప్రయోజనం లేదు. సరేనన్నాను. ఆవిడకి ఒక మాట, ఈయనకి ఒక మాట. రెండూ కలిపితే ఏ పేరూ లేదు. అక్కణ్ణుంచే ఆయన ఫ్లాటుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. ఫోనులో చెప్పే కబురు కాదులే, ఎదురుగా చెప్పాలి అని సర్దిచెప్పుకున్నాను. మూడోరోజు మా ఆవిడ ఫోన్ చేసింది. "మీ అన్నగారిని మా ఆసుపత్రిలోనే చేర్చారు. స్ట్రోక్. మాట పోయింది. వినపడుతోంది, మనుషుల్ని గుర్తుపడుతున్నారు. త్వరగా రండి."

వార్డులో ఆరు మంచాలు. ఆయన కిటికీ పక్కన, తలుపుకి ఎదురుగా. మంచం అటు ఇటు తిప్పడం కుదరదుగా. మంకీ క్యాప్ లేదు. నన్ను చూడగానే పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఏమడిగాడో నాకు వినాల్సిన పని లేదు.

"దొరికాడన్నగారూ" అన్నాను.

ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేచింది. దాన్ని పట్టుకుని కూర్చుని అన్నీ చెప్పాను. హైస్కూలు, దసరా సెలవులు, ఉబ్బసం, అన్నం తినడం. "నా ఊపిరి ఎరిగినవాడు" అన్న మాట రెండుసార్లు చెప్పాను. పెన్షన్ సంగతి చెబితే కుడికన్ను సగం మూసుకుంది. ఆయన నవ్వు అది, నాకు తెలుసు. పేర్లు రాయనని చెప్పాను, ఇద్దరివీ. రెప్పలు వాల్చి ఎత్తాడు.

తరవాత చెవి దగ్గర వంగి ఆ పేరు పలికాను. ఆయన పెదవులు నాతోపాటే కదిలాయి. ఇంటిపేరు, అసలు పేరు, తొమ్మిది అక్షరాలూ. ఇంకోసారి అన్నట్టు చూశాడు. ఇంకోసారి పలికాను. మళ్ళీ కదిలాయి. పలకాలనుకున్న పేరు పలికాడనే అనాలి.

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతాడేమోనని లేవబోయాను. చెయ్యి వదల్లేదు. గడ్డం కొంచెం దిగింది, కుడికన్ను సగం తెరుచుకుంది. పెదవులు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. ఈసారి పేరు కాదు. సగం మూసిన ఆ కుడికన్ను చూసి పోల్చుకున్నాను. పక్క మంచం ముసలాయన పేపర్ దించి చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని అందుకున్నాను.

"ఈ గడ్డ మీద..."

ఆపు.

"మీ నీడ పడాలన్నా..."

అక్కడ నా గొంతు పట్టేసింది. ఎంత ప్రయత్నించినా మూడో మాట రాలేదు. తల వంచుకుని ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయాను. కాసేపటికి తల ఎత్తి చూస్తే, ఆయన నన్నే చూస్తున్నాడు, పెదవులు కదలకుండా, కొంచెం తెరుచుకుని అలాగే ఉన్నాయి. నాకు ఊపిరి అందేదాకా ఆగి ఉన్నాడు.